మేచీ వంతెన దాటితేనే చెల్లే నోట్లు

గౌరవనీయులైన ప్రముఖ జిల్లా అధికారి శ్రీ ఘనశ్యామ్ ఢుంగానా గారి సముఖమునకు,
మకాం: వారి తల్లిగారి ఇల్లు, సాలెఖోలా ఎగువ వాడ, నేపాల్.

పశ్చిమ బెంగాల్, నదియా జిల్లా, శాంతిపురం వాస్తవ్యురాలు, నేత చీరల వ్యాపారి అయిన శ్రీమతి హిరణ్మయి కుండు, తమరి ఇంటి అరుగు మీద కూర్చుని వ్రాసుకొను అర్జీ.

తేదీ: విజయదశమి, పట్టపగలు.

విషయం: నా వద్ద డబ్బు ఉండియు లేనందున నా భర్త కాలు పోవు పరిస్థితి ఏర్పడినది గనుక, ఆరోగ్య చౌకీ అంబులెన్సుకు అరువు మీద డీజిల్ పోయించుటకు తమరి ఒక్క సంతకము కోరుట గురించి.

అయ్యా,

తమరు సిలిగురి కాలేజీలో చదువుకున్నారనీ, మా బంగ్లా భాష చదవగలరనీ తమ గార్డు హవల్దార్ తీర్థబహదూర్ గారు చెప్పినందున నా భాషలోనే వ్రాయుచున్నాను. "సాబ్ ఇయ్యాల ఎవరి మాటా వినరమ్మా. రాసిస్తే మాత్రం చూస్తారు. కాగితాన్ని ఆయన ఎప్పుడూ కాదనరు" అని ఆయనే డ్యూటీ పుస్తకంలోంచి కాగితాలు చించి ఇచ్చారు. లోపల టీకాల వరస, అంటే పెద్దలు చిన్నవాళ్ల నుదుట బియ్యపు బొట్టు పెట్టి దీవించి దక్షిణ ఇచ్చే మీ దశమి వేడుక, నడుస్తున్నది. నన్ను గడప దాటనివ్వరు. ఉత్త చేతులతో కూర్చుంటే ఏడుపు ముంచుకొస్తున్నది, కావున కొంచెం వివరంగానే వ్రాయుచున్నాను. తమరికి తీరిక లేనిచో విషయం అన్న పంక్తి ఒక్కటీ చదివి సంతకం చేసినా చాలును.

1. మేము ఎవరమనగా: శాంతిపురం బజారులో మాకు చీరల దుకాణం కలదు. దుర్గా పూజల ముందు నెలంతా నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతాయి. సప్తమి సాయంత్రం షట్టరు దించి, రాత్రి రైలెక్కి, ఎక్కడికో ఒకచోటికి పోవడం పెళ్లయిన నాటి నుండి మా అలవాటు. మా వైపు అందరి అలవాటూ అదే. పూజ సెలవులు వచ్చాయంటే బెంగాలీవాడు మంకీ క్యాపు, ఫ్లాస్కు, మరమరాల డబ్బా సర్దుకుని కొండో సముద్రమో వెతుక్కుంటాడు. ఈ ఏడు నా భర్త తమ జిల్లా టీ తోటలు చూడాలన్నారు. (భర్త పేరు పరితోష్ కుండు. పేరు పలకడం మాలో లేదు. అధికార అవసరం గనుక వ్రాశాను.) మా దసరాకు మేం ఇంట్లోంచి బయటపడతాం. మీ దసరాకు మీరంతా ఇంటికి చేరతారు. ఈ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అష్టమి సాయంత్రం మేం జీపు దిగేసరికి సాలెఖోలా బజారంతా తలుపులు వేసి ఉన్నది. రోడ్డు మీద మేమూ, కొన్ని మేకలూ ఉన్నాం.

2. డబ్బు విషయమై మనవి చేయునది: మా దుకాణపు గల్లా పెట్టెలోని చిల్లర నోట్లను కోజాగరి పున్నమి నాటి లక్ష్మీపూజ వరకు కదపరాదు. ఇది మా అత్తగారి కాలం నుండి అమలులో ఉన్న నియమం. కదిపితే లక్ష్మి కూడా కదులుతుందని ఆవిడ నమ్మకం. నాదీ అదే నమ్మకం. కావున ప్రయాణానికి పెద్ద నోట్లు మాత్రమే తీశాను. అన్నీ ఐదువందలవే, పూజ అమ్మకాలలో వచ్చినవి, కరకరలాడుతూ ఉన్నవి. గుడ్డసంచీలో పెట్టి కుట్టేసి నడుముకు కట్టుకున్నాను. "నేపాల్లో మన డబ్బు నీళ్లలా చెల్లుతుందే, ఏం భయం లేదు" అన్నారు నా భర్త. ఆయన చెప్పినది వంద నోటు వరకు నిజమే. ఐదువందల నోటు తమ దేశంలో ఉండడమే నేరమని మాకు సరిహద్దులోని మేచీ వంతెన దాటాక తెలిసింది. జీపు డ్రైవరు ఆ నోటు చూసి, తేలును చూసినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈ పేరా వ్రాయుట ద్వారా నన్ను నేనే పట్టించుకుంటున్నానని ఎరుగుదును. చీరల వ్యాపారం చేసేదాన్ని, ఆ మాత్రం తెలియనిదాన్ని కాను. నా నడుము దగ్గర నేరం ఉన్నది. తమరు నన్ను తప్పక నిర్బంధించవచ్చును. ముందు ఆయన్ని కిందికి పంపించండి. తర్వాత నేనే వచ్చి హవల్దారు గారి పక్కన కూర్చుంటాను.

3. నా భర్త జేబులో కొన్ని వంద నోట్లు ఉండెను. జీపుకూ బసకూ పోగా మిగిలినవాటితో ఆయన నిన్న, అంటే నవమి నాడు, ఒక ఉన్ని శాలువా కొన్నారు. నాకే. నీలం రంగుది. "ఎందుకండీ ఈ దండగ? చేతిలో చిల్లర లేదు" అన్నాను. "రేపు బ్యాంకు మిషన్లో తీసుకుందాంలే. నువ్వు పండగపూట మొహం అట్లా పెట్టకు" అన్నారు. మిషను అష్టమి నాడే ఖాళీ అయిపోయింది. పండక్కి ఇళ్లకొచ్చినవాళ్లంతా ఊడ్చుకుపోయారు. దాని అద్దానికి ఎవరో బంతిపూల దండ కూడా వేశారు.

4. ఈ దినం ఉదయం జరిగిన సంఘటన: మా బస ఎదుట పొడుగాటి వెదుళ్లు వంచి కట్టిన ఉయ్యాల కలదు. దశమి వెళ్లేలోపు ఒక్కసారైనా కాళ్లు నేల విడవాలట. బస యజమానురాలు నా భర్తను పిలిచింది.

"రా దాదా, ఊగు. ఏడాది పాపమంతా రాలిపోతుంది."

"వద్దండీ" అన్నాను.

"ఒక్కసారి ఊగితే ఏమౌతుందే? వీళ్ల ముసలమ్మలే ఊగుతున్నారు."

"వాళ్ల ముసలమ్మలు ఈ కొండలెక్కి పెరిగారు. మీరు మన దుకాణం మెట్టెక్కడానికి గోడ పట్టుకుంటారు."

"నువ్వు ప్రతిదానికీ అడ్డమే" అని ఆయన ఎక్కారు.

ఊపు అందుకున్నాక ఆయన మొహం చూడాలి. అరవై మూడేళ్ల మనిషి, మంకీ క్యాపులోంచి చిన్నపిల్లాడిలా కేకలు. నేనూ నవ్వాను, చప్పట్లు కూడా కొట్టాను. ఈ సంగతి అర్జీలో అనవసరమే గానీ పొద్దుటి నుండి నన్ను తినేస్తున్నది ఇదే, కావున వ్రాయుచున్నాను. అంతలో చెయ్యి జారింది.

5. కుడికాలు మోకాలి కింద విరిగినది. మోసుకెళ్లి ఆరోగ్య చౌకీలో పడుకోబెట్టారు. పండగ నాడు అక్కడ మణి రాయ్ అనే సహాయకుడు ఒక్కడే ఉన్నాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు, నొప్పికి సూది వేశాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొంతసేపటికి నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, మీతో దాచి లాభం లేదు. లోపల రక్తం చేరి కాలు బిగుసుకుపోతోంది. పాదం పట్టుకుని చూడండి."

పట్టుకున్నాను. ఎడమ పాదం వెచ్చగా ఉన్నది. కుడి పాదం చల్లగా ఉన్నది.

"చీకటి పడేలోపు పెద్దాసుపత్రిలో కోసి, ఆ బిగువు వదలగొట్టాలి. నా చేతిలో పని కాదు. సిలిగురి తీసుకుపోండి. ఆలస్యమైతే కాలు ఉంచరు."

"ఉంచరంటే?"

"మోకాలి కాడికి తీసేస్తారమ్మా."

అయ్యా, ఆయన దుకాణంలో కింద కూర్చుని చీర మడత విప్పే మనిషి. మడత విప్పి, అంచు పట్టుకుని, లేచి నిలబడి చూపిస్తారు. ఆయన అట్లా లేచి నిలబడితేనే మా చీర అమ్ముడవుతుంది. అది నష్టం కింద వ్రాయవలసినది. కానీ నేను భయపడేది అందుకు కాదు. ఆ మనిషి నిద్రలో కూడా కాళ్లాడిస్తారు. ఇంతకన్నా చెప్పలేను.

6. అంబులెన్సు విషయం: బండి కలదు. డ్రైవరు నిమా కలడు, పొద్దున్నే వాళ్ల అమ్మమ్మ చేత టీకా పెట్టించుకుని సిద్ధంగా ఉన్నాడు. బండిలో డీజిల్ లేదు. ఊరివారు చందాలు వేసుకుని కొన్న బండి గనుక, ప్రయాణపు ఖర్చు ముందే నగదుగా కట్టాలని కమిటీ నియమం. పెట్రోలు పంపు యజమానిని ఇంటికెళ్లి లేపుకొచ్చాను.

"అక్కా, నగదుకైనా పోస్తా, జిల్లా సాబ్ సంతకానికైనా పోస్తా. నోటి మాటకు పొయ్యను. పోయినేడు ఇట్లాగే ఏడ్చుకుంటూ అరువు పట్టుకుపోయినోళ్లు మళ్లీ ఈ కొండెక్కలేదు."

నడుము దగ్గరి సంచీ తడిమి చూపించాను.

"అది బయటికి తియ్యకక్కా! నా లైసెన్సు పోతుంది."

చేతి గాజు తీయబోయాను. మాలో పెళ్లి నాడు అత్తగారు తొడిగే ఇనప గాజు ఉంటుంది, దానికి బంగారం తొడుగు. ఆ మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"దశమి నాడు ముత్తైదువ చేతి గాజు తీసుకుంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తుందా? పెట్టుకో, పెట్టుకో."

మంచివాడే. ఈ ఊళ్లో అందరూ మంచివాళ్లే. ఆ మంచితనం వల్ల ఒక్క చుక్క డీజిల్ రాలేదు. మణి రాయ్ కూడా తన జేబులు తిరగేసి చూపించాడు. అతని జీతమంతా మేకకూ పిల్లల బట్టలకూ పోయింది.

7. బస యజమానురాలి ఫోనులో మా మరిదితో మాట్లాడితిని. వెనక ఢాక్ వాద్యం మోగుతున్నది. ఈ వేళకు మా వీధిలో అమ్మవారి బుగ్గలకు తమలపాకు అద్ది, ఆడవాళ్లంతా సిందూరం పూసుకుంటూ ఉంటారు. "వదినా, ఎంత కావాలో చెప్పు, ఈ నిమిషంలో పంపేస్తా. ఎక్కడికి పంపాలో ఒక్కటి చెప్పు" అని అరిచాడు. ఆ ఒక్కటే నేను చెప్పలేకపోయాను. డబ్బు అందుకునే దుకాణం కూడా మీ పున్నమి దాకా మూసే ఉంటుంది.

8. ఇక తమరి మీద ఫిర్యాదు. తమరు చేతులు కడుక్కోవడానికి ఒకసారి అరుగు మీదికి వచ్చితిరి. నేను లేచి నిలబడ్డాను. తమరు దండం పెట్టి, "అమ్మా, దశమి నాడు నేను ఆఫీసర్ని కాను. ఈ ఇంటి కొడుకుని, అంతే. ఏడాదికి ఒక్కరోజు నన్ను ఇట్లా ఉండనివ్వండి. ఆఫీసు పున్నమి దాటాక తెరుస్తాం" అన్నారు. మాట మర్యాదగానే అన్నారు. నేను "కాలు" అనే లోపు లోపలి నుండి మేనమామ పిలిచారు, తమరు వెళ్లిపోయారు. నేనేదో పర్యాటకుల గొడవ తెచ్చాననుకుని ఉంటారు. పున్నమి నాటికి మీ ఆఫీసు తెరుచుకుంటుంది. ఆ కాలు ఉంటుందా?

9. (కోపంలో వ్రాసి కొట్టివేసితిని.)

10. తొమ్మిదో అంశం కొట్టివేస్తుండగా మణి రాయ్ రొప్పుకుంటూ పైకి వచ్చాడు. "అమ్మా, సంతకమైందా?" అన్నాడు.

"లోపలికే వదల్లేదు బాబూ. ఆయన ఎట్లా ఉన్నారు?"

"బొటనవేలు కదపమంటే కదిపాననే అంటున్నారు."

"కదిలిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. హవల్దారు గారు కూడా విన్నారు. ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "నేను లోపలికెళ్లి చెప్పలేనమ్మా. పోయిన దశమికి ఎవడో భూమి తగాదా అని లోపలికి పంపితే సాబ్ నన్ను నెల్లాళ్లు గేటు కాడ నిలబెట్టారు" అన్నారు. ఆయన తప్పు లేదు. నా చేతిరాత ఇక్కడి నుండి సరిగా రాదు, మన్నించగలరు. నాకు చాలా భయంగా ఉంది. కాలు కదిపాననే అనుకుంటున్నాడా మనిషి.

11. కావున నేను కోరునది ఏమనగా: పంపు యజమాని పేర ఒక్క పంక్తి వ్రాసి సంతకం చేయగలరు. "ఈ బండికి డీజిల్ పొయ్యి" అని వ్రాసినా చాలును. మేచీ వంతెన ఇవతల నేను బిచ్చగత్తెను. వంతెన అవతల డబ్బున్నదాన్ని. బండి అవతలి గట్టున ఆగిన మరుక్షణం ఎంతైనా మార్చి డ్రైవరు చేతిలో పెడతాను. హామీ కింద నన్ను ఉంచుకుంటానంటే ఇక్కడే ఉంటాను. ఆయన ఒక్కరినే పంపించండి. ఆపరేషనయ్యి మెలకువ వచ్చినప్పుడు నేను పక్కన లేకపోతే కంగారు పడతారు, అయినా సరే.

పై సంగతులను తమరు దయతో చిత్తగించవలెను. దయ కలగకపోయినా చిత్తగించవలెను, త్వరగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
హిరణ్మయి కుండు
(శాంతిపురం చీరల దుకాణం)

తా.క. సిలిగురి ఆసుపత్రి వరండా నుంచి, ఏకాదశి ఉదయం.

తమ్ముడూ ఘనశ్యామ్,

పైన రాసిన అర్జీ నీకు అందలేదు. చేతిలో పట్టుకునే బండెక్కేశాను. నిమా తిరిగి వెళ్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. మొన్నటిదాకా నువ్వెవరో నేనెవరో. "తమరు" అని రాయబోతే ఇప్పుడు కలం సాగడం లేదు.

నిన్న అరుగు మీద జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం రాస్తున్నాను, ఎందుకంటే అది మీ అమ్మ చేసింది. కొడుకుకు తెలియాలి.

నేను సంతకం చేసి కాగితం మడుస్తుంటే ఆవిడ పళ్లెం పట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూసి హవల్దారు మీద విరుచుకుపడింది. ఆవిడ మాటలు మణి రాయ్ నాకు మా భాషలో చెబుతూ వచ్చాడు.

"ఎవర్రా ఈ పిల్ల? టీకా లేకుండా నా గుమ్మంలో కూర్చుంది?"

"బెంగాలీ ఆవిడమ్మా. అర్జీ రాస్తోంది."

"దశమి నాడు అర్జీ ఏంట్రా, నీ మొహం! ఏ పిల్లా, ఇటు తిరుగు."

నాకు యాభై ఎనిమిదేళ్లు, తమ్ముడూ. పిల్లా అని పిలిచేవాళ్లు పోయి చాలాకాలమైంది. అప్పటిదాకా పళ్లు బిగబట్టి ఉన్నదాన్ని, ఆ ఒక్క మాటకు భోరుమన్నాను. ఆవిడ పట్టించుకోలేదు. నా గడ్డం పట్టుకుని, పెరుగులో తడిపిన ఎర్రబియ్యం నుదుటినిండా అద్ది, పండక్కి పెంచిన పసుపుపచ్చ మొలకలు చెవి మీద దోపింది. తన నడుం దగ్గరి సంచీ తడుముకుంది. "దక్షిణ లేదే పిల్లా. మనవళ్లు ఊడ్చేశారు" అంది. అప్పుడు నా ఏడుపెందుకో అడిగింది. నాకు మీ మాట రాదు, ఆవిడకు మా మాట రాదు. కూర్చుని నా కుడి పాదం నేనే పట్టుకున్నాను. మణి రాయ్ మిగతాది చెప్పాడు. అరుగు దగ్గరి కుళాయిలో చెయ్యి తడుపుకుని ఆవిడ నా పాదం మీద పెట్టింది.

"ఇంత చల్లగానా?" అని అడిగింది.

"ఇంకా చల్లగా" అన్నాడు మణి రాయ్.

అప్పుడు నిన్ను పిలిచింది. ఆ పిలుపు బజారు దాకా వినబడి ఉంటుంది. "ఒరే ఘనే! బయటికి రా. మీ అక్కొచ్చింది, టీకా పెట్టించుకో."

నువ్వొచ్చావు. నన్ను చూసి నీ మొహం ముడుచుకుంది. దాచుకోకు, నేను చూశాను.

"ఏ అక్కమ్మా? ఈవిడకు నేను ముందే చెప్పాను, ఆఫీసు పున్నమి..."

"ఆఫీసునెవడు పిలిచాడ్రా? ఇయ్యాల నువ్వు ఇంటి కొడుకువట కదా, కొడుకునే పిలిచా. నేను టీకా పెట్టాను, కాబట్టి నా కూతురు. నీకన్నా పెద్దది. కూర్చో."

జిల్లా మొత్తానికి అధికారివి, నా ముందు పీట మీద కూర్చున్నావు. మీ చుట్టాలంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఎర్రబియ్యం ముద్ద ఎంత తీయాలో నాకు తెలియదు. ఎక్కువై నీ కనుబొమ్మల మీదికి కారింది. నువ్వు కదల్లేదు. ఆ తర్వాతే నాకు గుర్తొచ్చింది. పెట్టినవాళ్లు దక్షిణ ఇవ్వాలి, పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాను. అక్కనని కూర్చోబెట్టారు, ఇప్పుడు అక్క చేతిలో ఏముంది?

అందరి ఎదుటా గోడ వైపు తిరిగి సంచీ కుట్లు పంటితో తెంపాను. ఐదువందల నోటు తీసి నీ దోసిట్లో పెట్టాను. హవల్దారు చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది. మీ మేనమామ "అయ్యో" అన్నాడు. మీ దేశంలో దాన్ని ముట్టుకున్నవాడు లేడు. నువ్వు దాన్ని చూశావు, మీ అమ్మను చూశావు. టీకా దక్షిణ వద్దనడం మీలో లేదని నాకప్పటికి తెలియదు. నన్ను అక్కడే పట్టుకుపోతారనుకున్నాను. నువ్వు దాన్ని నుదుటికి ఆనించుకున్నావు, ఎర్రబియ్యం అంటుకున్న నోటును మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నావు.

"ఏమైందక్కా?" అన్నావు అప్పుడు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న కోసమే ఈ కాగితాలన్నీ నింపాను. తీరా అడిగితే నా నోట్లోంచి రెండే మాటలొచ్చాయి. కాలు, డీజిల్.

నేను అర్జీ చాచాను. నువ్వు తీసుకోలేదు. "సెలవులో ఉన్నానక్కా. ఇవాళ నా సంతకం చెల్లదు. నీ నోటు లాగే" అన్నావు. ఆ మాట అంటూనే లోపలికెళ్లి, మేనకోడళ్లకూ మేనల్లుళ్లకూ దాచిన కొత్త నోట్ల సంచీ తెచ్చి నా ఒళ్లో దిమ్మరించేశావు. "ఇంటి ఆడపడుచుకు దక్షిణ. దీనికి ఎవడి సంతకమూ అక్కర్లేదు" అన్నావు. అన్నీ ఐదులూ పదులూ ఇరవైలూ. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. పంపువాడు ఆ నోట్లు చూసి, "ఇదేంటక్కా, గుడి హుండీ పగలగొట్టావా?" అన్నాడు. పోస్తూనే అన్నాడులే.

వంతెన దాటేదాకా నువ్వు ముందు సీట్లో కూర్చుని వచ్చావు. దారి పొడుగునా వెనక్కి తిరిగి "పాదం ఎట్లా ఉంది?" అని అడుగుతూనే ఉన్నావు. నేను ప్రతిసారీ "అట్లాగే ఉంది" అన్నాను. అది అబద్ధం, తమ్ముడూ. ఇంకా చల్లబడుతోంది. చెబితే నువ్వు నిమాను తొందరపెడతావనీ, ఆ మలుపుల్లో బండి లోయలో పడుతుందనీ చెప్పలేదు. నువ్వు తీసిచ్చిన నీ శాలువా, నా నీలం శాలువా రెండూ ఆ కాలికే చుట్టి పట్టుకుని కూర్చున్నాను.

చీకటి పడేలోపే కోశారు. రాత్రంతా ఏమీ చెప్పలేదు. తెల్లారుజామున డాక్టరమ్మ వచ్చి, "కాలు ఉంటుంది. నడక కొంచెం కుంటుతుంది. ఇంకో గంట ఆలస్యమై ఉంటే నేనీ మాట చెప్పేదాన్ని కాదు" అంది. లోపలికెళ్లి పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. ఆయన కళ్లు తెరిచి, "నువ్వేమైనా తిన్నావా?" అన్నారు. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పక్క మంచం ఆవిడ నర్సును పిలిచింది.

ఇక అసలు గొడవ నీతోనే. వంతెన దాటగానే బండి ఆపించి, నోట్లు మార్పించి నీ చేతిలో పెట్టబోయాను. "ఆడపడుచుకిచ్చింది వెనక్కి తీసుకుంటే మా అమ్మ ఊరుకోదు" అని చెయ్యి వెనక్కి కట్టుకున్నావు. నిమా కూడా నువ్వు చెప్పావని తీసుకోనంటున్నాడు. ఇక్కడ మందుల షాపువాడు తీసుకుంటున్నాడు, క్యాంటీనువాడు తీసుకుంటున్నాడు, వరండా ఊడ్చే ఆవిడ టీకి ఇస్తే అదీ తీసుకుంది. మీ దేశంలో నువ్వొక్కడివే నా ఐదువందల నోటు తీసుకున్నావు. మా దేశంలో నువ్వొక్కడివే తీసుకోవడం లేదు.

సరే, తీసుకోకు. దీపావళి వెళ్లిన విదియ నాడు మీకు భాయ్ టీకా, మాకు భాయ్ ఫోటా. ఆ రోజు తమ్ముడు అక్క ఇంట భోంచెయ్యాలి, మీ వైపైనా మా వైపైనా అంతే. మీ ఆఫీసు ఆ రోజు మూసే ఉంటుందని నిమాను అడిగి తెలుసుకున్నాను. అంచేత నువ్వు బయల్దేరి శాంతిపురం రావాలి. ఆ పిల్లలను కూడా తీసుకురా, వాళ్ల బాకీ నేను తీర్చుకోవాలి. హవల్దారును తేవద్దు, మా గుమ్మంలో ఎవరినీ ఆపం. మీ బావగారు చీర మడత విప్పి నిలబడి చూపించలేకపోవచ్చు, కూర్చునైనా మీ ఆవిడకు మంచిది ఏరి పెడతారు.

రాలేకపోతున్నానని కాగితం ముక్క పంపావో, ఈసారి అర్జీ నీకు రాయను. మీ అమ్మకు రాస్తాను.

నీ అక్క,
హిరణ్మయి